మద్దతు ధర కంటే తక్కువకు ధాన్యం కొన్న వ్యాపారిపై కేసు పెట్టవచ్చా? ధర విషయంలో ప్రభుత్వం చేయగలిగింది, చేయవలసింది ఏమిటి?

అమలాపురం దగ్గర ఆరు ఎకరాలు కౌలుకు చేస్తున్న ఒక యువ రైతు అడిగిన ప్రశ్న ఇది. 2025 సార్వాకు (ఖరీఫ్‌కు) కేంద్ర ప్రభుత్వం సాధారణ రకం వరికి క్వింటాలుకు రూ.2,369 మద్దతు ధర ప్రకటించింది. ఊళ్లోని కమీషన్ వ్యాపారి మాత్రం కళ్లంలోకే వచ్చి, 75 కిలోల బస్తాకు రూ.1,450 ఇస్తానంటున్నాడు. ప్రభుత్వం ప్రకటించిన ధరకు తక్కువగా కొనడం చట్టవిరుద్ధం కాదా, కాకపోతే ఆ ప్రకటన ఎందుకు, ప్రభుత్వం ధరల్లో తలదూరిస్తే పూర్తిగా దూర్చాలి గాని ఈ సగం సగం పని ఏమిటి అని ఆయన ఆవేదన.

నేను ఈ గోదావరి డెల్టాలోనే ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో 1993 నుంచి 2022 దాకా పనిచేశాను. చివరి పద్నాలుగేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. మా సొసైటీ ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని నడిపింది కనుక ఈ ప్రశ్న నాకు కాగితం మీద ఎదురైనది కాదు. ఏటా రెండు సార్లు, సార్వాకు ఒకసారి, దాళ్వాకు (రబీకి) ఒకసారి, మనుషుల ముఖాల్లో ఎదురైన ప్రశ్న.

సూటిగా చెబుతాను. ప్రైవేటు వ్యాపారి మద్దతు ధర కంటే తక్కువకు వరి ధాన్యం కొనడం నేరం కాదు. మీరు పోలీసు స్టేషనుకు వెళ్లినా, కోర్టుకు వెళ్లినా ఆ ఒక్క కారణం మీద కేసు నిలబడదు. మద్దతు ధర అన్నది చట్టం కాదు, విధానం. వ్యవసాయ వ్యయాలు, ధరల సంఘం సిఫారసు చేస్తుంది, ఆర్థిక వ్యవహారాల మంత్రివర్గ సంఘం ఆమోదిస్తుంది, ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఆ ప్రకటనకు అర్థం “ఈ ధరకు తక్కువగా ఎవరూ కొనకూడదు” అని కాదు, “ఈ ధరకు మేము కొంటాం” అని. మాట ఇచ్చింది ప్రభుత్వం, వ్యాపారి కాదు. అందువల్ల ఆ మాట నిలబడిందా లేదా అన్నది వ్యాపారి నీతి మీద కన్నా, మీ కళ్లం దగ్గరకు ప్రభుత్వం సంచులతో, లారీతో, డబ్బుతో సమయానికి వచ్చిందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది.

అలాగని వ్యాపారి చేసే ప్రతి పనీ చట్టబద్ధమని అనుకోకండి. తూకంలో మోసం నేరమే. ముద్ర వేయని కాటాతో తూచడం 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కింద శిక్షార్హం. లైసెన్సు లేకుండా ధాన్యం కొనడం 1966 నాటి మన వ్యవసాయ మార్కెట్ల చట్టానికి విరుద్ధం. ఇక మీరు ధాన్యాన్ని ప్రభుత్వ కొనుగోలు కేంద్రం ద్వారా అమ్మినప్పుడు, ఆ ధాన్యం దించుకున్న మిల్లు యజమాని “తేమ ఉంది, మట్టి ఉంది” అంటూ రసీదులో లేని కోత కోస్తే, అది ప్రభుత్వంతో అతను చేసుకున్న ఒప్పందానికి ఉల్లంఘన. దాని మీద మీరు గట్టిగా నిలబడవచ్చు, నిలబడాలి కూడా. ప్రైవేటు అమ్మకం వేరు, ప్రభుత్వ కేంద్రం ద్వారా జరిగే అమ్మకం వేరు. ఈ తేడా తెలియక చాలామంది మొదటి దానిపై పోరాడి అలసిపోయి, రెండో దానిలో తమకున్న హక్కును వదులుకుంటున్నారు.

ధరకు చట్టం పెట్టనిది ప్రభుత్వానికి చేతకాక కాదు. మన పక్క చేలోనే దానికి ఉదాహరణ ఉంది. చెరకు ధర చట్టబద్ధమైనది. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద 1966లో వచ్చిన చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, కేంద్రం నిర్ణయించిన ధర కంటే తక్కువకు ఫ్యాక్టరీ చెరకు కొనకూడదు. చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి. వరి రైతు కలలో కూడా ఊహించని రక్షణ ఇది. మరి చెరకు రైతు సుఖపడ్డాడా? మన రెండు గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు చెరకు బళ్లు బారులు తీరిన ఊళ్లు నాకు తెలుసు. ఇప్పుడు ఆ చేలల్లో చాలా వాటిలో చెరకు లేదు. ఫ్యాక్టరీ దగ్గర డబ్బు లేనప్పుడు 14 రోజుల గడువు కాగితం మీదే ఉండిపోయింది. ఆ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు చట్టం ఎవరిని పట్టుకుంటుంది? ధరకు చట్టం ఉండటం ఒక బలమే గాని, కొనేవాడే లేకపోతే ఆ బలం దేనికీ పనికిరాదు.

ఇక ప్రభుత్వం అసలు ఎందుకు జోక్యం చేసుకోవాలి, మార్కెట్‌కే వదిలేయవచ్చు కదా అనేవారు కూడా ఉన్నారు. మన డెల్టా విషయంలో ఆ మాట ఎందుకు నిలవదో చెబుతాను. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట నుంచి నేటి బ్యారేజీ దాకా, ఇక్కడి పది లక్షల ఎకరాల ఆయకట్టు ప్రభుత్వ నిర్ణయం వల్ల పుట్టింది. కాలువలు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టేయాలో ప్రభుత్వమే చెబుతుంది. ఆ నీరు వచ్చే తీరును బట్టే మీ పంట కూడా నిర్ణయమైపోతుంది. సార్వాలో మోకాలి లోతు నీరు నిలిచే పల్లపు చేలో వరి తప్ప ఇంకేది నిలుస్తుంది? “గిట్టకపోతే వేరే పంట వేసుకోవచ్చు కదా” అని దూరాన కూర్చుని అనేవారికి మన మురుగు కాలువల సంగతి తెలియదు. రైతు ముందు ఒకటే దారి ఉంచిన ప్రభుత్వం, ఆ దారి చివర ఏమవుతుందో తనకు సంబంధం లేదనడం న్యాయం కాదు.

రెండో కారణం కాలానికి సంబంధించింది. కాలువలు ఒకేసారి వదలడం వల్ల నాట్లు ఒకేసారి పడతాయి, కోతలు ఒకేసారి వస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో మూడు, నాలుగు వారాల్లో డెల్టా అంతా ధాన్యమే. అదే సమయంలో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా మీకూ గుర్తుంటాయి. ఆకాశం వైపు చూస్తూ, దాళ్వా నారుమడి ఖర్చు తలచుకుంటూ, పొలం గట్టు మీద తడి ధాన్యం పోసుకుని కూర్చున్న రైతుకు బేరమాడే శక్తి ఉండదు. కొనేవాడికి ఆ సంగతి బాగా తెలుసు. రెండు రోజులు ఆగగలిగినవాడికీ ఆగలేనివాడికీ మధ్య జరిగే బేరాన్ని స్వేచ్ఛా మార్కెట్ అని పిలవడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

ఈ పరిస్థితిని గుర్తించినందువల్లే 1965లో ధరల సంఘాన్నీ భారత ఆహార సంస్థనూ ఏర్పాటు చేశారు. ఆహార సంస్థ తొలి జిల్లా కార్యాలయం మన గోదావరి డెల్టా లాంటిదే అయిన కావేరి డెల్టాలో, తంజావూరులో తెరిచారు. కొత్త వంగడాలు వేసి దిగుబడి పెంచిన రైతు, ఆ దిగుబడి వల్లే ధర పడిపోయి నష్టపోకూడదన్నది అప్పటి ఆలోచన. అది సరైన ఆలోచనే. కాని దాని ఫలం అందరికీ అందలేదు. ఆహార సంస్థ పునర్వ్యవస్థీకరణపై ఏర్పడిన ఉన్నత స్థాయి సంఘం 2015లో ఇచ్చిన నివేదికలో, దేశంలో మద్దతు ధరకు ప్రభుత్వ సంస్థలకు అమ్మగలిగిన రైతులు 6 శాతమేనని తేల్చింది. మన డెల్టాలో పరిస్థితి అంత అధ్వానం కాదు గాని, “ప్రకటించారు కదా” అన్న భరోసా మీద అప్పు చేయకండి అని చెప్పడానికి ఆ అంకె చాలు.

ఇప్పుడు నేను దగ్గరగా చూసిన సంగతి ఒకటి చెబుతాను, ఎందుకంటే విధానం ఎక్కడ విరుగుతుందో అందులో కనిపిస్తుంది. ఒక డిసెంబరులో మా కేంద్రానికి తేమ యంత్రం ఉంది, కాటా ఉంది, కంప్యూటరు ఉంది, మనుషులం ఉన్నాం, గోనె సంచులు మాత్రం లేవు. సంచులు మిల్లుల నుంచి రావాలి. మిల్లు యజమాని “బ్యాంకు గ్యారంటీ పరిమితి అయిపోయింది, కొత్త గ్యారంటీ ఇచ్చేదాకా నాకు ధాన్యం కేటాయించరు, సంచులు నేనెందుకు పంపాలి” అన్నాడు. అతని కోణంలో అది తప్పు కాదు. పైఅధికారి “ఇవాళ సాయంత్రానికి వస్తాయి” అన్నారు. ఐదు రోజులు అదే మాట. ఆరో రోజు ఉదయం మబ్బు పట్టింది. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒక రైతు, బరకాల కింద నలభై బస్తాల ధాన్యం ఉన్నాయన, చేతిలో గుప్పెడు గింజలు తెచ్చి నా బల్ల మీద పోశాడు. కొన్ని గింజల కొసల్లో తెల్లగా మొలక తొంగి చూస్తోంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మధ్యాహ్నానికి వ్యాపారి సంచులు తెచ్చి, బస్తాకు మూడు వందలు తక్కువకు మొత్తం ఎత్తుకుపోయాడు. సాయంత్రం మా సంచులు వచ్చాయి.

ఆ రోజు ఏ చట్టమూ ఉల్లంఘన కాలేదు. ఏ విధానమూ మారలేదు. ధర కూడా ప్రకటించినట్టే ఉంది. లేనిది ఏమిటంటే, ఒక్కటి 40 కిలోలు పట్టే డెబ్బై అయిదు గోనె సంచులు. ప్రభుత్వ పాత్ర గురించి ఎవరైనా పెద్ద మాటలు మాట్లాడుతుంటే నాకు ముందు ఆ గుప్పెడు గింజలే గుర్తొస్తాయి.

డబ్బు విషయంలోనూ ఇదే తంతు. చాలామంది కేంద్ర ప్రభుత్వ డబ్బు నేరుగా వస్తుందనుకుంటారు. వికేంద్రీకృత సేకరణలో జరిగేది వేరు. రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ బ్యాంకుల్లో అప్పు తెచ్చి ధాన్యం కొంటుంది. మిల్లు ఆ ధాన్యాన్ని ఆడి, పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. ఆ బియ్యం రేషను దుకాణాలకో ఆహార సంస్థ గోదాములకో చేరాక, లెక్కలు తేలాక, కేంద్రం నుంచి రాయితీ సొమ్ము వస్తుంది. ఈ గొలుసులో ఏ లింకు ఆలస్యమైనా ఆఖరికి ఆగేది రైతు ఖాతాలో పడాల్సిన డబ్బే. ఇటీవల రాష్ట్రంలో 48 గంటల్లో చెల్లిస్తామని ప్రకటించి చాలా వరకు నిలబెట్టుకోవడం మంచి మార్పు. అంతకు ముందు దాళ్వా డబ్బు కోసం సార్వా నాట్లు పూర్తయ్యేదాకా ఎదురు చూసిన రైతులు మా సొసైటీ అరుగు మీదే కూర్చునేవారు. నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చే రూ.2,369, వెంటనే చేతిలో పడే రూ.2,200 కంటే తక్కువ విలువైనదని వారికి ఎవరూ అర్థశాస్త్రం నేర్పనక్కరలేదు. ఎరువుల కొట్టులో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టేవాడికి అది బాగా తెలుసు.

వ్యాపారి మీద బాధ్యత పెట్టే పద్ధతి లోగడ ఒకటి ఉండేదని కూడా మీకు తెలియాలి. అదే లెవీ. మిల్లు ఆడించిన బియ్యంలో, మన రాష్ట్రంలో 75 శాతం దాకా, ప్రభుత్వం నిర్ణయించిన ధరకు ఆహార సంస్థకు ఇవ్వాలి. అలా ఇవ్వాలంటే రైతుకు మద్దతు ధర చెల్లించినట్టు పత్రం చూపాలి. 2014 అక్టోబరు నుంచి దాన్ని 25 శాతానికి తగ్గించి, 2015 అక్టోబరు నుంచి పూర్తిగా ఎత్తేశారు. ఆ రోజుల్లో మంచి ఏమిటంటే, లెవీ ధర ముందే తెలిసి ఉండేది కనుక మిల్లులు పోటీపడి కొనేవి, డబ్బు త్వరగా అందేది. చెడు ఏమిటంటే, పత్రం మీద ఉన్న ధర ఒకటి, రైతు చేతికి వచ్చిన ధర ఒకటి. మద్దతు ధర ముట్టిందని రాసి ఉన్న కాగితాల మీద వేలిముద్రలు వేసిన వారిలో నాకు తెలిసినవారు ఉన్నారు. వేయకపోతే వచ్చే సారి అతను కొనడు, అప్పు ఇవ్వడు. కాగితం అడిగినంత మాత్రాన ధర దక్కదని ఆ ఇరవై ఏళ్లు నాకు నేర్పాయి.

ఇది చెబితే మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు: మద్దతు ధరను చట్టం చేయాలన్న డిమాండు మరి తప్పా? 2021లో మూడు సాగు చట్టాలు రద్దయిన తరువాత కూడా రైతు సంఘాలు ఆ డిమాండు వదలలేదు. నేను దానికి వ్యతిరేకిని కాను. కాని చట్టం ఎవరి మెడకు చుట్టాలన్నదే ప్రశ్న. మద్దతు ధరకు తక్కువగా కొన్న వ్యాపారికి జైలు అని రాస్తే, ధర నిజంగా పడిపోయిన ఏడాది అతను కొనడం మానేస్తాడు. ప్రభుత్వ కేంద్రంలో సంచులు ఉండవు, వ్యాపారీ ఉండడు. లేదా కొంటాడు, రసీదులో పూర్తి ధర రాస్తాడు, వేలిముద్ర వేయించుకుంటాడు. లెవీ కాలం తిరిగి వస్తుంది.

నేను కోరేది వేరు. చట్టం ప్రభుత్వాన్ని కట్టిపడేయాలి. ఈ-పంటలో, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితాలో, నమోదైన రైతు అమ్ముతానని తెలిపిన ఇన్ని రోజుల్లోగా కొనుగోలు కేంద్రం ధాన్యం తీసుకోవాలి. తీసుకోకపోతే, రైతు బయట అమ్ముకున్న ధరకూ మద్దతు ధరకూ మధ్య తేడాను ప్రభుత్వమే చెల్లించాలి. తీసుకున్నాక గడువులోగా డబ్బు పడకపోతే చెరకుకు ఉన్నట్టే 15 శాతం వడ్డీ కట్టాలి. ఇందులో తిరకాసులు ఉన్నాయి. బయట అమ్మిన ధరను తక్కువగా చూపి తేడా దండుకునే ప్రయత్నాలు జరుగుతాయి, కనుక జిల్లా సగటు ధరను ప్రమాణంగా పెట్టుకోవలసి వస్తుంది. ఖర్చు కూడా చిన్నది కాదు. అయినా గడువు తప్పితే తన జేబుకే చిల్లు పడుతుందని తెలిసిన యంత్రాంగం సంచులు వేళకు పంపుతుందని నా నమ్మకం. మా ఐదు రోజుల ఆలస్యానికి వడ్డీ ఎవరైనా కట్టవలసి వచ్చి ఉంటే, ఆ సంచులు రెండో రోజే వచ్చేవి.

మద్దతు ధర కంటే ఎక్కువగా మీ ధరను మార్చే ప్రభుత్వ నిర్ణయం మరొకటుంది, దాని గురించి మన ఊళ్లలో పెద్దగా మాట్లాడుకోరు. అదే ఎగుమతుల విధానం. కాకినాడ నుంచి బియ్యం ఓడలు కదిలితే మన కళ్లాల్లో ధర కదులుతుంది. 2023 జులై 20న బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది, మరుసటి నెలలో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. తెల్ల బియ్యంపై నిషేధం 2024 సెప్టెంబరు దాకా ఉంది. లోగడ 2008 నుంచి 2011 సెప్టెంబరు దాకా కూడా ఇలాంటి నిషేధమే నడిచింది. సరిగ్గా ఆ నిషేధపు చివరి సార్వాలోనే, 2011లో, కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. కారణం అదొక్కటే కాదు. కూలీల కొరత, పూడుకుపోయిన మురుగు కాలువలు, సమయానికి రాని కొనుగోళ్లు అన్నీ కలిశాయి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసి కారణాలు వెతికింది. కాని పండించిన దాన్ని బయటి దేశం కొనేటప్పుడు తలుపు మూయడం, లోపల కొనేటప్పుడు సంచులు లేవనడం, రెండూ ఒకే రైతు మీద పడ్డాయన్నది మరువరాదు.

నిషేధానికి కారణం లేకపోలేదు. బియ్యం ధర పెరిగితే కొనుక్కుని తినేవాడు నలిగిపోతాడు. ఆ తినేవాళ్లలో మన ఊరి కూలీ కూడా ఉంటాడు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా పేటలో పొయ్యిలు రెండు పూటలా వెలిగాయి, అది నేను చూశాను. 2013 నాటి ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు ఐదు కిలోలను హక్కుగా చేసింది. గమనించండి, తినేవాడి వైపు ఉన్న హామీ చట్టం, పండించేవాడి వైపు ఉన్న హామీ విధానం. పేదవాడికి ఆ చట్టం ఉండవలసిందే. దాని భారం పండించేవాడి ధర తగ్గించి తీర్చకూడదని, ఎగుమతి ఆపిన ఏడాది ఆ నష్టాన్ని ఖజానా భరించాలని మాత్రమే నేనంటాను.

మార్కెట్‌నే నమ్ముకుని వరి వదిలి రొయ్యల చెరువులు తవ్వినవారి సంగతి కూడా ఒక్క మాటలో చెబుతాను. రొయ్యకు మద్దతు ధర లేదు. ధర బాగున్నన్నాళ్లు ప్రభుత్వంతో పని లేదనుకున్నాం. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచగానే, భీమవరం నుంచి అమలాపురం దాకా అందరం మళ్లీ ప్రభుత్వం వైపే చూశాం. ప్రభుత్వం లేని మార్కెట్ మనకు ఎక్కడా లేదు. మన ప్రభుత్వం కాకపోతే పరాయి ప్రభుత్వం ధర నిర్ణయిస్తుంది.

ఇక మీ సొంత విషయానికి వస్తాను. మీరు కౌలు రైతు. అసలు చిక్కు మీకు ఇక్కడే ఉంది. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకుని సాగుదారుగా గుర్తించే కార్డు తీసుకోవచ్చు, కాని దానికి భూయజమాని సంతకం కావాలి. 1956 నాటి కౌలుదారీ చట్టం పేరు విని, భూమి చేజారుతుందని భయపడిన తరం పిల్లలు ఇప్పటికీ సంతకం అంటే చేతులు ముడుచుకుంటారు. కార్డు లేకపోతే ఈ-పంటలో యజమాని పేరు ఎక్కుతుంది. ధాన్యం ఆయన పేరున అమ్ముడవుతుంది, డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. మా సొసైటీ పరిధిలో ఒక కౌలు రైతు 80 బస్తాలు అలా అమ్మాడు. యజమాని నగరంలో ఉద్యోగి, మంచివాడే. డబ్బు ఖాతాలో పడిన రోజే బ్యాంకు ఆయన పాత పంట రుణానికి జమ కట్టేసుకుంది. యజమాని తన జీతంలోంచి విడతలుగా తీర్చేసరికి ఏడు నెలలు పట్టింది. అతను మంచివాడు కనుక ఏడు నెలలు, కాకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. కౌలు రైతుకు మద్దతు ధర దక్కకపోవడానికి వ్యాపారి కంటే ఈ సంతకమే పెద్ద అడ్డంకి అని నా అభిప్రాయం. సంతకం లేకుండానే, హద్దు రైతుల సాక్ష్యంతో, సాగు చేస్తున్నవాడిని గుర్తించేలా చట్టం మారాలి.

మరొకటి, కాస్త కటువుగా అనిపించినా చెప్పాలి. మీరు రూ.1,450ని దేనితో పోలుస్తున్నారు? మద్దతు ధర ప్రకారం 75 కిలోలకు దాదాపు రూ.1,777 వస్తుంది కనుక బస్తాకు రూ.327 పోతోందని మీ లెక్క. ఆరు ఎకరాల్లో ఎకరాకు 30 బస్తాలనుకుంటే దాదాపు 59 వేలు. కాని మద్దతు ధర 17 శాతం తేమకు. కోత యంత్రం నుంచి వచ్చిన ధాన్యంలో తేమ 24 శాతం ఉందనుకోండి. ఆ 75 కిలోలు 17 శాతానికి ఆరేసరికి 68.7 కిలోలే మిగులుతాయి. దాని మద్దతు ధర దాదాపు రూ.1,627. అంటే నిజమైన తేడా బస్తాకు రూ.177, మొత్తం మీద దాదాపు 32 వేలు. ఇందులోంచి బరకాల అద్దె, ఆరబోత కూలీలు, రెండు, మూడు రోజుల కాపలా తీసేయాలి. అయినా గణనీయంగా మిగులుతుంది, వదులుకోదగ్గది కాదు. వ్యాపారితో బేరానికి కూర్చునే ముందు తేమ ఎంతుందో తెలుసుకోండి. రైతు సేవా కేంద్రంలో యంత్రం ఉంటుంది, డబ్బాడు గింజలు పట్టుకెళ్తే నిమిషంలో చెబుతారు. వాతావరణ శాఖ వాయుగుండం హెచ్చరిక లేకపోతే ఆరబెట్టి కొనుగోలు కేంద్రానికి ఇవ్వండి. హెచ్చరిక ఉంటే, మీ లెక్క చూపి వ్యాపారి దగ్గర రూ.1,450కి మరో యాభయ్యో వందో పెంచుకుని ఇచ్చేయడంలో తప్పు లేదు, దాన్ని ఓటమి అనుకోకండి.

కేంద్రానికి ఇచ్చేటట్టయితే, లారీ కదిలే ముందే బస్తాల సంఖ్య, బరువు, తేమ శాతం రాసిన రసీదు ఫొటో తీసి ఉంచుకోండి. మిల్లు దగ్గర కోత పెడుతున్నామని ఫోను వస్తే అక్కడికక్కడ ఒప్పుకోవద్దు, కేంద్రంలో తేలిన తేమే ప్రమాణమని చెప్పండి. మాట వినకపోతే జిల్లాలో ధాన్యం సేకరణను చూసే జాయింట్ కలెక్టరుకు ఆ ఫొటోతో సహా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నోటి మాటగా చెప్పిన ఫిర్యాదులు సీజన్ దాటాక ఎవరికీ గుర్తుండవు. కాగితం మీద ఇచ్చినవాటిలో చాలా వాటికి డబ్బు వెనక్కి రావడం నేను చూశాను.

వీటన్నిటి కంటే ముందు, మీ చేను ఈ-పంటలో ఎవరి పేరున ఎక్కిందో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి. యజమాని పేరున ఉంటే, ఆయన ఏ ఖాతా ఇచ్చారో, ఆ ఖాతా మీద పంట రుణం బాకీ ఉందో లేదో ధాన్యం తూకానికి పెట్టకముందే ఆయన్ను అడగండి. బాకీ ఉంటే రుణం లేని మరో ఖాతాకు మార్పించమని కోరండి. సంకోచించకండి, ఆ ఒక్క ఫోను మీ ఆరు నెలల కష్టానికి సంబంధించింది.